2,000 రూపాయల లోపు వీణ చక్కగా వినిపించే హెడ్‌ఫోన్ దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. ఏడాదిన్నరగా వీణ నేర్చుకుంటోంది. మా ఊళ్లో వీణ చెప్పేవాళ్లు దొరకలేదు. విజయనగరంలో ఉన్న టీచరు గారు వారానికి మూడు రోజులు ఫోనులో వీడియో కాల్ చేసి పాఠం చెబుతున్నారు. మొన్న పుట్టినరోజుకు మావారు 1,300 పెట్టి మైకు ఉన్న వైర్‌లెస్ హెడ్‌ఫోన్ కొన్నారు. సినిమా పాటలు పెడితే దడదడలాడిస్తోంది. పాఠం మొదలయ్యేసరికి మాత్రం టీచరు గారి వీణ పాత ల్యాండ్‌లైన్ ఫోనులో విన్నట్లు ఉంటోందని, స్వరాన్ని లాగి, ఊపి పలికించే గమకం అసలు తెలియడం లేదని పాప అంటోంది. కొన్న షాపులో అడిగితే 5,000 లోపు మంచి సౌండు రాదన్నారు. మేము 2,000 దాటి పెట్టలేము. ఆ ధరలో సంగీతానికి పనికొచ్చేది ఉందా? వైరు ఉన్నది కొనాలా, లేనిదా? రోజూ చెవులకు తగిలించుకుంటే పిల్ల చెవులు పాడవుతాయేమోనని ఇంకో భయం.

ఒక తల్లి, పాలకొల్లు

సమాధానం:

అమ్మా,

మీ పాప చెప్పింది అక్షరాలా నిజం. సినిమా పాటకు నిండుగా పలికిన హెడ్‌ఫోన్ పాఠం మొదలవగానే ల్యాండ్‌లైన్ ఫోనులా మారిపోవడం ఆ పిల్ల భ్రమ కాదు. ఆ వయసులో అంత తేడా పట్టుకుని, దానికి సరిగ్గా సరిపోయే పోలిక కూడా చెప్పగలిగిందంటే అది చాలా మంచి చెవి. దానికి తగిన హెడ్‌ఫోన్ 2,000 లోపే దొరుకుతుంది. షాపులో చెప్పిన మాట పట్టించుకోకండి. ఏది కొనాలో చెబుతాను గానీ, అంతకంటే ముందు పాఠంలో వీణ అలా ఎందుకు వినిపిస్తోందో తెలుసుకోవాలి. అది తెలియకుండా కొంటే 5,000 పెట్టి తెచ్చిన వైర్‌లెస్‌లోనూ ఇదే ల్యాండ్‌లైన్ వినిపించవచ్చు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ రెండు పద్ధతుల్లో పనిచేస్తుంది. పాట వింటున్నప్పుడు శబ్దం ఫోను నుంచి హెడ్‌ఫోన్‌కు ఒకే వైపు ప్రయాణిస్తుంది. దారి మొత్తం పాటదే కాబట్టి స్టీరియోలో నిండుగా వస్తుంది. కాల్ మొదలవగానే హెడ్‌ఫోన్‌లో ఉన్న మైకు కూడా పనిలోకి దిగుతుంది. అప్పుడు బ్లూటూత్ మాటల కోసం పెట్టిన రెండో పద్ధతికి మారిపోతుంది. మామూలు హెడ్‌ఫోన్లలో ఆ పద్ధతి శబ్దాన్ని సెకనుకు 8,000 సార్లు, కాస్త మెరుగైనవాటిలో 16,000 సార్లు కొలిచి పంపుతుంది. ఎన్నిసార్లు కొలిచామో అందులో సగం దాకానే శబ్దం నిలుస్తుంది. అంటే 4,000 హెర్ట్జ్ (శబ్దం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే కొలత) పైన, లేదా 8,000 పైన ఉన్నదంతా పోయినట్లే. స్టీరియో కూడా పోయి రెండు చెవుల్లోనూ ఒకటే శబ్దం వస్తుంది. మనిషి చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు, చిన్నపిల్లలకు ఆ పైభాగం పెద్దవాళ్ల కంటే బాగా తెలుస్తుంది. పాత ల్యాండ్‌లైన్‌లో వచ్చేది ఇంచుమించు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య శబ్దం. పాప పోలిక ఎంత కచ్చితమైనదో చూశారా!

మాటలకు ఇది సరిపోతుంది. వీణకు చాలదు. వీణను 3 శ్రుతికి మేళవిస్తే ప్రధాన తీగ అయిన సారణి సుమారు 165 హెర్ట్జ్ దగ్గర, అన్నిటికంటే కింది స్వరం పలికే అనుమంద్రం 62 దగ్గర పలుకుతాయి. 4,000 దాకా వస్తోంది కదా, ఇంకేం కావాలి అనిపించవచ్చు. ఒక్క తీగ మీటితే ఆ మూల స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్లు ఉన్న స్వరాలు పైపైకి వరుసగా పుడతాయి. వీణను వీణగా గుర్తుపట్టేది వాటి వల్లనే. మీటు పడిన మొదటి క్షణంలో వచ్చే చురుకు, మెట్టు మీద తీగను పక్కకు లాగినప్పుడు నాదం సన్నబడుతూ పైకి పాకడం, ఇవన్నీ ఆ పై స్వరాలతోనే స్పష్టంగా తెలుస్తాయి. వాటిని కోసేస్తే ఏ స్వరం వాయించారో తెలుస్తుంది గానీ ఆ స్వరానికి ఎలా చేరారో తెలియదు. గమకమంటే ఆ చేరడమే కదా.

ఇంకో కోత కూడా పడుతోంది, అది హెడ్‌ఫోన్ తప్పు కాదు. వీడియో కాల్ యాప్‌లు మన మాట బాగా వినిపించడానికి వెనక ఉన్న మోతను తీసేస్తాయి. ఫ్యాను చప్పుడు, మిక్సీ హోరు తీసేయడానికి పెట్టిన ఏర్పాటు అది. ఆగకుండా ఒకే తీరుగా మోగే ప్రతిదాన్నీ అది హోరుగానే లెక్కవేస్తుంది. తంబురా శ్రుతి దానికి ఫ్యానులాగే కనిపిస్తుంది. వీణ మీటాక మిగిలే నాదాన్ని కూడా మధ్యలో తుంచేస్తుంది. టీచరు గారు శ్రుతి పెట్టే వాయిస్తున్నా మీ వైపు అది వచ్చి పోతూ ఉంటే కారణం ఇదే. మీరు జూమ్ వాడుతుంటే సంగీతం కోసమే 'ఒరిజినల్ సౌండ్' అనే సెట్టింగు ఉంది. గూగుల్ మీట్‌లో 'నాయిస్ క్యాన్సిలేషన్' ఆపేసే వీలుంది. ఈ మార్పు పంపేవాళ్ల వైపు చేయాలి, ఎందుకంటే కోత పడేది అక్కడ. టీచరు గారికి వినయంగా ఒక మాట చెప్పండి. పాప వాయించింది వారికి సరిగ్గా వినిపించాలంటే మీ ఫోనులోనూ అదే చేయండి. ఆన్‌లైన్‌లో సంగీతం చెప్పేవాళ్లలో చాలామందికి ఈ సెట్టింగు సంగతి తెలియదు. శిష్యుల గమకం సరిగా లేదని పాపం వాళ్లూ అనుకుంటూ ఉంటారు.

కొత్తది కొనేముందు ఒక పని చేయండి. ఏ డ్రాయరులోనో ఎప్పటిదో ఫోనుతో వచ్చిన వైరు ఇయర్‌ఫోన్ పడి ఉంటుంది. బ్లూటూత్ ఆపేసి, దానితో ఒక్క పాఠం వినమనండి. పాప ముఖం చూస్తే మీకే తెలుస్తుంది. ఇప్పుడున్న హెడ్‌ఫోన్‌కు ఒక అంచున గుండ్రటి రంధ్రం ఉందేమో కూడా చూడండి. తల మీద పెట్టుకునే రకాల్లో చాలావాటికి ఉంటుంది. ఉంటే రెండు వైపులా పిన్ను ఉన్న చిన్న వైరు తగిలించి దాన్నే వైరు హెడ్‌ఫోన్‌గా వాడవచ్చు. పాఠం ఫోనులో కాకుండా ల్యాప్‌టాప్‌లో వింటుంటే ఇంకా తేలిక. సెట్టింగుల్లో మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోండి. హెడ్‌ఫోన్ మైకు పనిలోకి దిగదు కాబట్టి శబ్దం నిండుగానే వస్తుంది.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు వైరు ఉన్నదే. అందులో నాకు రెండో ఆలోచన లేదు. మీరు వైర్‌లెస్‌కు పెట్టే డబ్బులో కొంత బ్యాటరీకి, కొంత బ్లూటూత్ చిప్పుకు, కొంత ఛార్జింగు ఏర్పాటుకు పోతుంది. ధర తగ్గేకొద్దీ శబ్దానికి మిగిలేది కొంచెమే. వైరు ఉన్నదానిలో ఆ డబ్బంతా శబ్దం మీదే పడుతుంది. పైగా బ్యాటరీ లేనిది కాబట్టి జాగ్రత్తగా వాడుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది.

ఇక ధర సంగతి. 5,000 లోపు మంచి సౌండు రాదన్నది ఎక్కడ చూసినా వినిపించే మాట. జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 2017లో 283 హెడ్‌ఫోన్ల కొలతలను వాటి ధరలతో పోల్చి చూశారు. ఏ స్వరాన్ని ఎంత గట్టిగా పలుకుతుందన్న విషయానికి, దాని ధరకు మధ్య సంబంధమే కనిపించలేదు. ఖరీదైనది హాయిగా ఉండవచ్చు, బయటి మోత ఆపవచ్చు, చూడటానికి అందంగా ఉండవచ్చు. స్వరాల పాళ్లు సరిగ్గా ఉంటాయన్న హామీ మాత్రం ధరలో లేదు.

ఎందుకు లేదో హెడ్‌ఫోన్ లోపల చూస్తే తెలుస్తుంది. పల్చటి పొర, దానికి అంటించిన సన్నటి రాగి తీగ చుట్ట, వెనక ఒక అయస్కాంతం. చాలా హెడ్‌ఫోన్లలో ఉండేది ఇంతే. వీటిని తయారుచేయడం ఇవాళ పెద్ద ఖర్చు కాదు. కష్టమంతా పాళ్లు కుదర్చడంలో ఉంది. ఎదురుగా ఎవరైనా వీణ వాయిస్తుంటే మన చెవి డొప్ప, చెవి గొట్టం కలిసి 3,000 హెర్ట్జ్ ప్రాంతంలో శబ్దాన్ని సహజంగానే పెంచి లోపలికి పంపుతాయి. చెవి లోపల పెట్టుకునే ఇయర్‌ఫోన్ ఆ ఏర్పాటును దాటేసి నేరుగా లోపలే మోగుతుంది. అందుకని ఆ పెంపు ఎంత ఉండాలో లెక్కవేసి ఇయర్‌ఫోన్‌లోనే కలపాలి. తక్కువైతే దుప్పటి కప్పినట్లు, ఎక్కువైతే గీసినట్లు వినిపిస్తుంది. అమెరికాలోని హార్మన్ సంస్థలో షాన్ ఓలివ్, టాడ్ వెల్టి 2012 ప్రాంతం నుంచి చాలామంది శ్రోతలను కూర్చోబెట్టి ఏ పాళ్లు ఎక్కువమందికి నచ్చుతాయో పరిశోధించి ప్రచురించారు. ఆ లెక్క లోకానికి తెలిశాక చైనాలోని చిన్న కంపెనీలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. ఒకప్పుడు వేలు పోస్తే తప్ప దొరకని పొందిక ఇప్పుడు 2,000కు దొరుకుతున్నది అందుకే. నాకు ఇది నిజంగా సంతోషం కలిగించే విషయం. మంచి నాదం డబ్బున్నవాళ్ల ఇంట్లోనే ఉండాలన్న రోజులు పోయాయి.

మరి 1,300 పెట్టిన హెడ్‌ఫోన్ ఎందుకు అంతగా దడదడలాడుతోంది? షాపులో నిలబడి రెండు నిమిషాలు వినేవారికి కింది స్వరాలు ఉబ్బి ఉన్నది గొప్పగా అనిపిస్తుంది, అమ్ముడవుతుంది. అందుకే పెట్టె మీద పెద్ద అక్షరాలతో బేస్ అని వేస్తారు. నేను రికార్డింగ్ స్టూడియోలో చాలా ఏళ్లు పనిచేశాను. అయినా ఒకసారి పేరు, ధర చూసి 9,000 పెట్టి ఒక హెడ్‌ఫోన్ కొన్నాను. ఇంటికి తెచ్చి బాగా తెలిసిన ఒక వీణ కచేరీ రికార్డింగు పెట్టాను. మృదంగం తొప్పి మీద, అంటే కింది స్వరం పలికే ఎడమ వైపున, పడిన ప్రతి దెబ్బా పరుపు మీద కర్రతో కొట్టినట్లు మోగింది. ఆ మోత తగ్గేదాకా వీణ వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు వస్తోంది. నెలరోజులు అలవాటు పడదామని చూశాను. ఒకనాడు మా అన్నయ్య కూతురి 1,500 రూపాయల వైరు ఇయర్‌ఫోన్‌తో అదే రికార్డింగు విన్నాను. తొప్పి దెబ్బకు, మీటుకు మధ్య చోటు కనిపించింది. తాళపు తీగల సన్నటి చప్పుడు కూడా తెలిసింది. అది ఆ రికార్డింగులో ఉన్న సంగతి మరచిపోయి నెల అయింది. కింది స్వరం గట్టిగా మోగితే పై స్వరాలను కప్పేయడం మన చెవి స్వభావం. బేస్ ఉబ్బిన హెడ్‌ఫోన్‌లో గమకం పోయేది అందుకే.

ఇక కొనవలసినవి. మీ బడ్జెట్ అంచున ఇంచుమించు ఒకే ధరలో తిరిగేవి రెండున్నాయి. చెంగ్డూకు చెందిన మూన్‌డ్రాప్ కంపెనీ చేసే 'చూ 2' ఒకటి, 'సెవెన్ హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో' రెండోది. రెండింటిలోనూ డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే ఆ పొర, చుట్ట, అయస్కాంతం కలిసిన భాగం, 10 ఎంఎందే. రెండింటికీ వైరు ఊడదీసి మార్చుకోవచ్చు, పిల్లల చేతిలో ముందు పోయేది వైరే కాబట్టి ఇది పెద్ద సుగుణం. రెండింటిలో ఒకటి చెప్పమంటే మీ పాపకు నేను మొదటిదే చెబుతాను. దాని లోహపు డిబ్బీ చిన్నది, చిన్న చెవిలో ఇముడుతుంది. జీరో డిబ్బీ కాస్త పెద్దది. ధరలు వారం వారం మారుతుంటాయి, నాలుగు చోట్ల చూసి కొనండి. చెవి లోపల ఏదీ పెట్టుకోలేనని పాప అంటే సోనీ జెడ్‌ఎక్స్110 లాంటి, చెవి మీద ఆనించే తేలికైన వైరు రకం అంతకంటే తక్కువకే వస్తుంది. నాదంలో ఆ రెండింటి సరసన నిలబడదు, పాఠానికి మాత్రం ఇప్పుడున్నదానికంటే ఎంతో నయం.

పాత కాలంనాటి ఒక మంచి వస్తువు పేరు కూడా చెప్పాలనిపిస్తోంది. అమెరికాలోని మిల్వాకీలో ఉన్న కాస్ కంపెనీ 1958లో మొదటి స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చింది. అదే కంపెనీ 1984లో తెచ్చిన పోర్టా ప్రో ఈనాటికీ దాదాపు అదే రూపంలో తయారవుతోంది. స్పాంజి దిండ్లు, సన్నటి లోహపు పట్టీ, ఆటవస్తువులా ఉంటుంది. ధ్వని మాత్రం ఎంతో సహజం. మన దగ్గర మీ బడ్జెట్ దాటిపోతుంది కాబట్టి సిఫారసు చేయడం లేదు, ఎప్పుడైనా తగ్గింపు ధరకు కనిపిస్తే వదలకండి. దాని అసలు గుణం అది బయటి శబ్దాన్ని ఆపకపోవడం. వీణ నేర్చుకునే పిల్లకు అది ఎందుకు ముఖ్యమో చెబుతాను.

చెవి లోపల పెట్టుకునే రకం చెవిని మూసేస్తుంది. టీచరు గారి వీణ బాగా వినిపిస్తుంది గానీ ఒళ్లో ఉన్న సొంత వీణ గోడ అవతలి నుంచి వచ్చినట్లు ఉంటుంది. శ్రుతి కలిసిందో లేదో తెలియక పాప గట్టిగా మీటడం మొదలుపెడుతుంది. ఇది వేళ్లకూ మంచిది కాదు, వాయించే తీరుకూ మంచిది కాదు. అందుకని టీచరు గారు వాయిస్తున్నంతసేపు రెండు చెవులకూ పెట్టుకుని, తాను వాయించేటప్పుడు ఒక వైపుది తీసేయమనండి. మామూలు వీడియో కాల్‌లో రెండు చెవులకూ వచ్చేది ఒకటే శబ్దం కాబట్టి పోయేదేమీ లేదు.

కొనేటప్పుడు పిన్నును దగ్గరగా చూడండి. బంగారు రంగు పిన్ను మీద అడ్డంగా సన్నటి గీతలుంటాయి. మూడుంటే వైరులో మైకు ఉన్నట్లు. రెండే ఉంటే మైకు లేనట్లు. పాపకు రెండు గీతలది కొనండి. మైకు ఉన్నది పెడితే ఫోను ఆ మైకునే వాడుతుంది. అది గొంతు దగ్గర వేలాడుతూ చున్నీకి రాసుకుంటూ ఉంటుంది, టీచరు గారికి వీణకంటే ఆ రాపిడి ఎక్కువ వినిపిస్తుంది. మైకు లేనిది పెడితే ఫోను తన సొంత మైకుతోనే వింటుంది. ఫోనును వీణకు ఎదురుగా రెండు మూడు అడుగుల దూరంలో, కుండ వైపు చూసేలా నిలబెట్టండి. మీ ఫోనుకు అసలు ఈ గుండ్రటి రంధ్రమే లేకపోతే టైప్ సీ నుంచి 3.5 ఎంఎంకు మార్చే చిన్న కన్వర్టర్ కావాలి. వాటిలో చాలా చౌకవి కొన్ని ఫోన్లలో పనిచేయవు. డాక్ చిప్పు, అంటే ఫోనులోని అంకెలను శబ్దపు విద్యుత్తుగా మార్చే చిప్పు, లోపలే ఉన్నది అని అడిగి తీసుకోండి. ఆ ఖర్చును కూడా 2,000లో కలుపుకుంటే ఇయర్‌ఫోన్ మీద కొంత తగ్గించుకోక తప్పదు.

వచ్చాక పెట్టుకునే తీరు నేర్పండి. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మంచి ఇయర్‌ఫోన్ కొని బాగాలేదని తిరిగి పంపేవాళ్లలో చాలామంది పొరపాటు ఇక్కడే. పెట్టెలో మూడు సైజుల రబ్బరు తొడుగులు వస్తాయి. వచ్చిన తొడుగుతోనే వింటే కుదరదు. పాపను ఎదురుగా కూర్చోబెట్టుకోండి. తంబురా శ్రుతి పెట్టండి. ఒక చేత్తో ఇయర్‌ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో తల వెనక నుంచి చెవి డొప్పను పైకి, వెనక్కి కాస్త లాగితే లోపలి దారి తిన్నగా అవుతుంది. అప్పుడు ఇయర్‌ఫోన్‌ను కొద్దిగా తిప్పుతూ మెల్లగా ఆనించి చెవిని వదిలేయమనండి. సరిగ్గా కూర్చున్న క్షణంలో బయటి మోత ఒక్కసారిగా తగ్గి, తంబురా మంద్ర షడ్జం కింద నుంచి లేచి వస్తుంది. రాకపోతే గాలి పోతోందన్నమాట, తొడుగు సైజు మార్చాలి. కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఇంకో సైజు పట్టడం మామూలే. నొప్పి పుట్టేంత పెద్దది మాత్రం పెట్టకండి. మూన్‌డ్రాప్, జీరోలను వైరు చెవి మీదుగా వెనక్కి వెళ్లేలా పెట్టుకోవాలి. కిందికి వేలాడదీస్తే సరిగ్గా కూర్చోవు.

ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి ఇచ్చే గడువు ఎన్ని రోజులో ముందే చూసుకుని, ఆ రోజుల్లోనే పరీక్షించండి. 1950లలో ఘంటసాల పాడిన పాత పాట ఏదైనా, తర్వాత స్టీరియోగా మార్చని ప్రతి పెట్టండి. అప్పటి సినిమా పాటలు మోనోలో రికార్డు చేసినవి, రెండు వైపులా ఉన్నది ఒకే శబ్దం. కాబట్టి గొంతు సరిగ్గా తల మధ్యలో, రెండు కనుబొమల నడుమ నిలిచి ఉండాలి. ఒక పక్కకు లాగినట్లుంటే కుడి ఎడమలు తారుమారు చేసి పెట్టుకుని మళ్లీ వినమనండి. గొంతు కూడా పక్క మారితే రెండు డ్రైవర్లు సమానంగా లేవు, ఆ జతను వెనక్కి ఇచ్చేయండి. మారకుండా అదే పక్కన ఉంటే తొడుగు సరిగ్గా కూర్చోలేదు. చౌక రకాల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే, దాన్ని పట్టుకోవడానికి మన పాత పాటలకంటే మంచి సాధనం నాకు తెలియదు.

తర్వాత తెలుగు వార్తలు ఒక అయిదు నిమిషాలు వినండి. చదివేవారి స, శ, ష మూడూ విడివిడిగా తెలియాలి. 'స' దగ్గర విజిల్ వేసినట్లు సీత్కారం వస్తే పై స్వరాలు ఎక్కువైనట్లు. మూడూ ఒకేలా మొద్దుగా ఉంటే తక్కువైనట్లు. చివరగా టీచరు గారి పాఠం రికార్డింగు ఏదైనా పెట్టి, పాపను కళ్లు మూసుకోమనండి. తీగను లాగి వాయించిన స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలితో గాలిలో గీయమనండి. గీయగలిగితే ఆ హెడ్‌ఫోన్ ఉంచుకోండి. నా మాటకంటే, అంతర్జాలంలో ఇచ్చే నక్షత్రాలకంటే మీ పాప వేలిని నమ్మండి. డ్రైవర్ 40 ఎంఎం, 50 ఎంఎం అని వేసే అంకెలను లెక్కచేయకండి. హై రెజల్యూషన్ అని బంగారు రంగు గుర్తు ఉందని ఎక్కువ పెట్టకండి. 40,000 హెర్ట్జ్ దాకా పలుకుతుందని దాని అర్థం, మనిషి చెవి అందులో సగం దాకానే వింటుంది.

చెవుల గురించి మీ భయం న్యాయమైనదే, కానీ అది ఎంతసేపు, ఎంత గట్టిగా వింటున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం పెద్దలకు 80 డెసిబెల్స్, పిల్లలకు 75 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలు హద్దు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగానికి తగ్గుతుంది. పిల్లలకు 78 అయితే 20 గంటలు, 81 అయితే 10 గంటలే. వారానికి మూడు పాఠాలు, ఒక మోస్తరు శబ్దంలో వింటే ఏ ప్రమాదమూ లేదు. జాగ్రత్తపడవలసింది పాఠం తర్వాత పాటలు వినేటప్పుడు, అందులోనూ బస్సులో. బయట మోత ఉంటే తెలియకుండానే చెయ్యి వాల్యూమ్ మీదికి పోతుంది. ఇంట్లో, ఫ్యాను తిరుగుతున్న గదిలో, మీరు పక్కన కూర్చుని మామూలు గొంతుతో పిలిస్తే పాపకు వినపడాలి, కనీసం ఒక వైపుది తీసి ఉన్నప్పుడైనా. చాలా ఫోన్లలో వాల్యూమ్ ఒక స్థాయి దాటకుండా బిగించే సెట్టింగు ఉంటుంది, దాన్ని సగం కంటే కొంచెం పైన పెట్టేయండి. విన్నాక చెవిలో గుయ్‌మని మోగినా, దూదిపెట్టినట్లు అనిపించినా ఆ రోజుకు ఆపేయాలి. అలా మళ్లీ మళ్లీ జరుగుతుంటే చెవి డాక్టరుకు చూపించండి. చెవిపోటు, చీము ఉన్నప్పుడు లోపల ఏదీ పెట్టుకోకూడదు. ఒకరి తొడుగులు ఇంకొకరు వాడకూడదు.

షాపులో కొంటే పెట్టె మీద గరిష్ఠ ధర, దిగుమతి చేసుకున్నవారి పేరు, చిరునామా, ఫిర్యాదు చేయడానికి నంబరు ఉన్నాయో లేదో చూడండి. చట్టప్రకారం ఉండాలి. అవేవీ లేకుండా సగం ధరకు ఇస్తామంటే అది నకిలీ అనుకోవడమే మంచిది. బిల్లు తీసుకోండి. వస్తువు చెడి మార్చనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులోనూ మాట్లాడవచ్చు. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో వైర్లు, పిన్నులు, కన్వర్టర్లు తక్కువలో దొరుకుతాయి. అక్కడ కూడా ఫోనుకు పెట్టి విని మరీ తీసుకోండి.

పాపకు అలవాటు చేయవలసింది ఒకటే. పిన్ను తీసేటప్పుడు వైరు పట్టుకుని లాగకూడదు, పిన్నునే పట్టుకుని తీయాలి. వైరును ఫోను చుట్టూ బిగించి చుడితే పిన్ను దగ్గర లోపలి రాగి తెగిపోతుంది. నాలుగు వేళ్ల మీద వదులుగా చుట్టి చిన్న డబ్బాలో పెట్టమనండి. అయిపోయిన బాల్‌పెన్నులోని స్ప్రింగును పిన్ను మొదట్లో వైరు చుట్టూ ఎక్కిస్తే అక్కడ విరగకుండా ఉంటుంది. నా దగ్గర ఉన్న ఒక జత అలాంటి స్ప్రింగుతోనే ఏడేళ్లు నడిచింది.

ఇప్పుడున్న వైర్‌లెస్ దాన్ని పారేయకండి, పుట్టినరోజు కానుక అది. ఫోనులో స్వరాల పాళ్లు మార్చే ఈక్వలైజర్ తెరిచి ఎడమ వైపున్న రెండు గీతలను, అంటే 60, 230 హెర్ట్జ్ అని రాసి ఉండేవాటిని, కొంచెం కిందికి దించండి. సాయంత్రం మీ వారు వార్తలు వినడానికి, మీరు వంట చేసుకుంటూ పాటలు వినడానికి అది హాయిగా ఉంటుంది. పాఠానికి మాత్రం వైరు ఉన్నది పెట్టండి.